ఫైబ్రోమయాల్జియా: నొప్పి తగ్గిన రోజున ఎలా ఉండాలి?

నొప్పులు కాస్త నెమ్మదించిన రోజున పది రోజులుగా ఆగిపోయిన పనులన్నీ ఒక్క పూటలో తెముల్చుకోవాలని చూస్తాం. బట్టలు ఉతికి, బూజులు దులిపి, పిండి రుబ్బి, సాయంత్రం బజారుకు కూడా వెళ్లొస్తాం. మర్నాడు మంచం మీంచి లేవలేం. ఆ తర్వాత మూడు నాలుగు రోజులూ అంతే. "నిన్న బాగానే తిరిగావుగా!" అని ఇంట్లోవాళ్లు అంటే ఏం చెప్పాలో తెలియదు.

ఫైబ్రోమయాల్జియా అంటే ఒళ్లంతా నొప్పులు, అలసట నెలల తరబడి వదలని జబ్బు. నాకు ఈ జబ్బు ఉందని తేలి పదకొండేళ్లయింది. అంతకుముందు మూడేళ్లు ఎముకల డాక్టరు దగ్గరికీ నరాల డాక్టరు దగ్గరికీ తిరిగాను. ఒకాయన రిపోర్టులన్నీ పక్కన పెట్టి "మీకేం లేదమ్మా, అంతా మనసులోనే ఉంది" అన్నారు. ఈ పదకొండేళ్లలో నాలాంటివాళ్లు ఎంతోమంది వచ్చి సలహా అడిగారు. నొప్పి ఎక్కువైన రోజును ఎలా గట్టెక్కాలి అన్నదే అందరి ప్రశ్న. నొప్పి తక్కువున్న రోజున ఏం చేయాలని ఒక్కరూ అడగలేదు. ఆ ఎక్కువైన రోజును తెచ్చుకునేది చాలావరకు ఈ తక్కువున్న రోజునే.

1. ముందు జబ్బు పేరు ఖాయం చేసుకోండి

రుమటాలజిస్టును, అంటే కీళ్లు, కండరాల జబ్బుల డాక్టరును కలవండి. ఈ జబ్బు రక్తపరీక్షలోనూ స్కానింగులోనూ కనబడదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ డి, బి12, ఒంట్లో వాపు ఉంటే తెలిపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పరీక్షలు రాసేది ఇలాంటి నొప్పులే తెచ్చే వేరే జబ్బు ఏదైనా ఉందేమో చూడటానికి. అవన్నీ నార్మల్‌గా వచ్చాయంటే నొప్పి అబద్ధమని కాదు. మన మెదడు, వెన్నుపాము నొప్పి కబురును ఉన్నదానికంటే పెద్దది చేస్తున్నాయి. ఇతరులకు చెయ్యి వేసినట్టు ఉండేది మనకు గిల్లినట్టు ఉంటుంది.

1990 నాటి పద్ధతిలో ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూసి, కనీసం 11 చోట్ల నొప్పి ఉంటేనే ఈ జబ్బు అనేవారు. 2010లో వచ్చిన పద్ధతిలో ఆ నొక్కి చూడటం అక్కర్లేదు. ఒళ్లంతా ఎన్ని భాగాల్లో నొప్పి ఉంది, అలసట ఎంత, నిద్ర లేచాక తేట ఉంటోందా, మతిమరుపు ఉందా, ఇవన్నీ మూడు నెలలుగా ఉన్నాయా అని చూస్తారు. "పదకొండు రాలేదు కాబట్టి మీకు లేదు" అని పంపేస్తే ఇంకో డాక్టరును కలవండి.

2. కావాల్సినవి

వంద పేజీల నోట్‌బుక్, పెన్ను, చిన్న అలారం గడియారం, రబ్బరు వేడినీళ్ల సంచి, వంటగదిలో వీపు ఆనించుకునే కుర్చీ. అంతే.

నోట్‌బుకే వాడాలి, ఫోన్ యాప్ వద్దు. యాప్ తెరిస్తే ముప్పై ప్రశ్నలు అడుగుతుంది, బుర్ర మసకబారిన రోజున వాటికి జవాబులు ఇవ్వలేం. పైగా ఫోన్ చేతిలోకి వచ్చాక మెడ వంచుకుని అరగంట దాన్నే చూస్తూ ఉండిపోతాం. కరెంటుతో వేడెక్కే బెల్టు కూడా నేను ఒప్పుకోను. రబ్బరు సంచి దానంతట అదే చల్లారుతుంది. సలసల కాగే నీళ్లు పోయకుండా, తువ్వాలు చుట్టి వాడండి.

3. రెండు వారాలు రాయండి

రోజూ రాత్రి నాలుగు సంగతులు రాయాలి: ఎన్ని గంటలు నిద్రపోయారు, పొద్దున లేవగానే నొప్పి పదికి ఎంత, ఏయే పని ఎన్ని నిమిషాలు చేశారు, పడుకునేముందు నొప్పి ఎంత. ఇంకేమీ రాయకండి. ఎక్కువ రాయాలని మొదలుపెట్టినవాళ్లు ఐదో రోజుకు మానేస్తారు.

రెండు వారాలయ్యాక నొప్పి పోటెత్తిన రోజుల చుట్టూ గీత గీసి, వాటికి ముందు రెండు రోజుల్లో ఏం రాశారో చూడండి. నేనైతే మబ్బు పట్టడం వల్లనో వంకాయ తినడం వల్లనో అనుకునేదాన్ని. పుస్తకం చూస్తే దాదాపు ప్రతి పోటుకూ ముందు ఒక పెళ్లో, ఒక ప్రయాణమో, నిద్ర లేని రాత్రో ఉంది.

4. మీ కొలత కనుక్కోండి, దాన్ని దాటకండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ఒక పని తీసుకోండి. పొయ్యి దగ్గర నిలబడి వంట చేయడం అనుకుందాం. మరీ బాగున్న రోజూ మరీ బాగోలేని రోజూ కాకుండా, మామూలుగా ఉన్న మూడు రోజుల్లో, నిలబడ్డ ఎన్ని నిమిషాలకు నొప్పి పెరగడం మొదలైందో రాయండి. 20, 12, 16 వచ్చాయనుకోండి. సగటు 16. అందులోంచి పావు వంతు తీసేయండి. 12 మిగిలింది. పొయ్యి దగ్గర మీ కొలత 12 నిమిషాలు. ఊడ్చడానికి, కూర్చుని కూరలు తరగడానికి, బస్సు ప్రయాణానికి, ఫోన్‌లో మాట్లాడటానికి కూడా ఇలాగే విడివిడిగా కొలతలు తీయండి. మాట్లాడటం పనేమిటి అనుకోకండి. గంటసేపు ఫోన్ మాట్లాడాక మెడ, భుజాలు ఎలా ఉన్నాయో పుస్తకంలో రాసి చూడండి.

ఇప్పుడు 12 నిమిషాలకు అలారం పెట్టి వంట మొదలుపెట్టండి. మోగగానే స్టవ్ సిమ్‌లో పెట్టి కూర్చోవాలి. నొప్పి లేకపోయినా కూర్చోవాలి. పోపు సగంలో ఉంటే ఆ ఒక్క నిమిషం చూసుకుని కూర్చోండి, కూర అంతా దించాక కాదు. ఏడెనిమిది నిమిషాలు ఆగి, మళ్లీ 12.

"నొప్పి రాగానే ఆపేస్తాలెండి, అలారం ఎందుకు" అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. ఈ జబ్బులో నొప్పి పని చేస్తున్నప్పుడే రావాలని లేదు. సాయంత్రం రావచ్చు, మర్నాడు రావచ్చు. మీకు తెలిసేసరికి మీరు కొలత దాటి గంటయి ఉంటుంది. ఎక్కడ ఆగాలో మన ఒంటికి సరిగ్గా తెలియకపోవడమే ఈ జబ్బు. అందుకే గడియారం మాట వినాలి.

ఇక బాగున్న రోజు సంగతి. ఆ రోజునా కొలత 12 నిమిషాలే. అరగంట నిలబడగలను అనిపిస్తుంది, నిలబడగలరు కూడా. అయినా నిలబడకూడదు. ఇది నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఎందుకు కష్టమో నాకు తెలుసు. పది రోజులుగా అత్తగారో పిల్లలో మన పనులు చేస్తున్నారు, ఆ మొహమాటం ఉంటుంది. ఒళ్లు తేలిగ్గా ఉందన్న సంతోషం ఉంటుంది. రేపు మళ్లీ ఎలా ఉంటుందోనన్న భయం ఉంటుంది. ఈ మూడూ కలిసి మనల్ని పరిగెత్తిస్తాయి.

ఒక మే నెలలో ఇలాగే ఒళ్లు బాగుందని పాతిక కాయల ఆవకాయ ఒక్కరోజులో పెట్టాను. ఆవాలు దంచడం దగ్గర్నుంచి జాడీకి ఎత్తడం దాకా అన్నీ నేనే. మూడో రోజు తిరగ కలపడానికి కూడా లేవలేకపోయాను, వారం మంచం మీదే ఉన్నాను. ఆ తర్వాతి ఏడాది నుంచి ఒక రోజు కారం, ఆవపిండి మరలో పట్టించడం, ఇంకో రోజు జాడీలు కడిగి ఎండబెట్టడం. మూడో రోజు కాయలు బజారులోనే కొట్టించుకొస్తారు. జీడి, పొర తీసి తుడవడం పిల్లల పని. కలపడం మాత్రం నాది, కుర్చీలో కూర్చుని. ఆవకాయ రుచేమీ తగ్గలేదు.

పోటు రోజున కొలతలో సగం చేయండి. 12 బదులు 6. పూర్తిగా పడుకోవద్దు. బెడ్ రెస్ట్ అని వారం పడుకున్నవాళ్లను చూశాను. ఒళ్లు బిగుసుకుపోయి, లేచాక 6 నిమిషాలు కూడా నిలబడలేకపోయారు.

కొలత పెంచడం ఎప్పుడంటే, రెండు వారాలు పోటు లేకుండా గడిస్తే అప్పుడు పదో వంతు. అంటే 12 కాస్తా 13 అవుతుంది. ఒక్క నిమిషమేనా అని విసుక్కుంటారు. నేను 12 నుంచి 30కి రావడానికి ఏడాది దాటింది, మధ్యలో రెండుసార్లు వెనక్కి వెళ్లాను కూడా. క్యాలెండరు చూసి పెంచండి, ఆ పూట హుషారు చూసి పెంచకండి.

కొంతమంది పొద్దున్నే లేచి "ఈ రోజు నాకు ఇంత ఓపిక ఉంది" అని భాగాలు వేసుకుని ఖర్చు పెడతారు. నాకా పద్ధతి నచ్చదు. ఆ లెక్క వేసేది పొద్దుటి అనిపింపును బట్టి, మనల్ని ముంచేది ఆ అనిపింపే. పెళ్లిళ్లు, పండగలు తప్పవు కాబట్టి వాటికి ముందు మూడు రోజులు పనులు తగ్గించి, తర్వాత రెండు రోజులు ఖాళీగా ఉంచుకోండి.

5. నడవండి

యూరప్ రుమటాలజిస్టుల సంఘం 2017లో ప్రచురించిన సూచనల్లో ఈ జబ్బుకు గట్టిగా సిఫారసు చేసింది ఒక్క వ్యాయామాన్నే. మందులన్నిటికీ దానికంటే తక్కువ బలంతోనే చెప్పారు. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, పైన చెప్పినట్టే పెంచండి. ఎండ ఎక్కకముందే, చదును నేల మీద. సాయంత్రానికి వాయిదా వేస్తే నడవరు, అందుకే పొద్దున్నే.

6. నిద్ర

రాత్రి ఎప్పుడు నిద్రపట్టినా పొద్దున ఒకే వేళకు లేవాలి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ వద్దు. పగటి నిద్ర అరగంట మించొద్దు. గురక పెద్దగా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

7. మందులు

ప్రీగాబాలిన్, డ్యులోక్సెటిన్ వంటివి ఈ జబ్బుకు రాస్తారు. అమెరికాలో 2007, 2008 సంవత్సరాల్లో వీటికి అనుమతి వచ్చింది. కొందరికి బాగా పనిచేస్తాయి, కొందరికి అంతగా పనిచేయవు. కళ్లు తిరగడం, మత్తు, కాళ్ల వాపు ఉంటే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు ఉన్నట్టుండి ఆపకండి.

ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూదులు వేయించుకోవడం దయచేసి మానేయండి. మా ఊళ్లో 2006 నాటి చికున్‌గున్యా రోజుల్లో మొదలైన అలవాటు ఇంకా పోలేదు. ఆ సూదుల్లో స్టెరాయిడ్లు ఉంటే, వాటితో ఈ జబ్బుకు ఉపయోగం లేదు, ఒంటికి చెరుపు మాత్రం ఉంది. పెయిన్ కిల్లర్లు రోజూ వేసుకుంటే కడుపు, కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంది.

8. ఇంట్లోవాళ్లకు నిమిషాల్లో చెప్పండి

"నాకు బాగోలేదు" అంటే వాళ్లకు ఏం చేయాలో తెలియదు. "అత్తయ్యా, కూరలు నేను తరిగిపెడతాను, పొయ్యి దగ్గర ఇంకో పావుగంట మీరుండండి" అనండి. నోట్‌బుక్ వాళ్ల చేతికే ఇవ్వండి. మా ఆయనకు నేను పదేళ్లు చెప్పినా ఎక్కనిది, రెండు వారాల లెక్క ఒక్కసారి చదివితే అర్థమైంది. ఇప్పుడు అలారం మోగినప్పుడు నేను వినబడనట్టు ఉంటే ఆయనే వచ్చి స్టవ్ తగ్గిస్తారు.

9. ప్రతి నొప్పినీ దీని ఖాతాలో వేయకండి

ఒక కీలు ఎర్రబడి వాచినా, జ్వరం తగ్గకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, చెయ్యో కాలో పట్టు తప్పుతున్నా అది వేరే జబ్బు కావచ్చు. పుస్తకంలో తేదీ వేసి రాసుకుని డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. గుండెలో నొప్పి, ఆయాసం ఉంటే రాసుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.