కథలకో సొంత వెబ్‌సైటు: విశాఖ రచయితలకు హోస్టింగ్ లెక్కలు

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పుస్తకావిష్కరణ అయ్యాక పాఠకులు రచయితను తరచుగా అడిగే మాట, "మీ పాత కథలు ఎక్కడ దొరుకుతాయండీ?" పత్రికల్లో వచ్చినవి పాత సంచికల్లో ఉండిపోతాయి. ఫేస్‌బుక్‌లో పెట్టినవి నెల తిరిగేసరికి అడుగున పడిపోతాయి. అన్నీ ఒకేచోట దొరకాలంటే సొంత వెబ్‌సైటు ఉండాలి. తెలిసి కొనుక్కుంటే మొదటి ఏడాది వెయ్యి నుంచి నాలుగు వేల రూపాయల్లో అయిపోతుంది. అంతకంటే ఎక్కువ ఎవరైనా అడిగితే, ఏ ఏ పనికి ఎంతెంతో విడివిడిగా రాయించుకోండి.

కొనాల్సినవి రెండు. డొమైన్ అంటే మీ సైటు పేరు. హోస్టింగ్ అంటే మీ రాతలు ఉండే కంప్యూటరులో (దాన్నే సర్వరు అంటారు) కాస్త చోటు. హోస్టింగ్ అద్దె వాటా లాంటిది, పడకపోతే సామాను సర్దుకుని వేరేచోటికి వెళ్ళిపోవచ్చు. డొమైన్ అలా కాదు. పుస్తకం వెనక అట్ట మీద అచ్చయ్యేది, పాఠకులు గుర్తుపెట్టుకునేది ఆ పేరే. అందుకే ధరల వేట మొదలుపెట్టే ముందు దీన్ని సరిచూసుకోవాలి.

డొమైన్ మీ పేరు మీదే ఉండాలి

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. తెలిసిన కుర్రాడెవరో సైటు చేసిపెడతానంటాడు, తన అకౌంట్లోనే డొమైన్ కొంటాడు. రెండేళ్ళకు అతనికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, ఫోన్ నంబరు మారుతుంది, గడువు పొడిగించుకోమనే రెన్యువల్ నోటీసులు అతని పాత మెయిలుకి వెళతాయి. డబ్బు కట్టడానికి మీరు సిద్ధంగానే ఉంటారు, కానీ కట్టే దారి మీ చేతిలో ఉండదు. కాబట్టి అకౌంటు మీరే తెరవండి. పేరు, మెయిల్, ఫోన్ అన్నీ మీవే ఇవ్వండి. సాయం చేసేవారికి పని జరిగినంతసేపు పాస్‌వర్డ్ ఇచ్చి, అయ్యాక మార్చేయండి.

ఆ అకౌంటుకి జీమెయిల్ లాంటి బయటి మెయిల్ ఇవ్వండి. అదే డొమైన్ మీద పెట్టుకున్న మెయిల్ ఇస్తే, డొమైన్ గడువు ముగిస్తే ఆ మెయిలూ ఆగిపోతుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి తెచ్చుకునే దారి ఉండదు. డాట్ కామ్ కొన్నాక మెయిల్ సరిచూసుకోమని ఒక లింకు వస్తుంది. 15 రోజుల్లోగా దాన్ని నొక్కకపోతే డొమైన్‌ను ఆపేస్తారు. స్పామ్‌లో కూడా వెతకండి.

"మొదటి ఏడాది 99 రూపాయలే" అన్న ప్రకటన చూసి పొంగిపోవద్దు. డాట్ కామ్ పేర్లను నడిపే వెరిసైన్ సంస్థ టోకు ధరే 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లకు చేరింది, అంటే సుమారు 900 రూపాయలు. 99కి అమ్మేవాళ్ళు ఆ నష్టాన్ని రెండో ఏడాది నుంచి రాబట్టుకోవాల్సిందే. చూడాల్సింది రెన్యువల్ ధర. వెయ్యికి కాస్త అటూ ఇటూగా ఉంటే న్యాయం, రెండు వేలు దాటితే వదిలేయండి. డాట్ ఇన్ సాధారణంగా ఇంకా చవక. తెలుగు రచయితకు అది ఏ విధంగానూ తక్కువ కాదు. డొమైన్ ఒకచోట, హోస్టింగ్ మరోచోట కొనడం మంచిది. ఒకరితో పేచీ వస్తే రెండూ చిక్కుకుపోవు. కొన్న 60 రోజుల దాకా డాట్ కామ్‌ను వేరే కంపెనీకి మార్చుకోవడం సాధారణంగా కుదరదు కాబట్టి, మొదటే ఆలోచించి కొనండి.

చోటు ఎంత కావాలి?

హోస్టింగ్ కంపెనీలు 50 జీబీ, 100 జీబీ, అన్‌లిమిటెడ్ అని ఊరిస్తాయి. మీ అవసరం లెక్కేసి చూద్దాం. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరుకి మాత్రం శ, పొల్లు, ర, గుడి దీర్ఘం అని నాలుగు గుర్తులు. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, వెరసి 12. ఈ లెక్కన 1500 పదాల కథకు దాదాపు 12,000 గుర్తులు, అంటే 36 కిలోబైట్లు. రెండు వందల కథలు రాసినా దాదాపు 7 మెగాబైట్లే. ఫోన్లో తీసిన రెండు ఫొటోల బరువు! చోటు తినేవి ఆ ఫొటోలే. ముఖచిత్రాలను 1200 పిక్సెళ్ళ వెడల్పుకి కుదించి, ఒక్కోటి 200 కిలోబైట్ల లోపు పెడితే సైటు మొత్తం 1 జీబీలో హాయిగా సర్దుకుంటుంది.

నెలవారీ డేటా సంగతీ అంతే. రోజుకి వంద మంది వచ్చి తలా రెండు పేజీలు చదివారనుకోండి. పేజీ 800 కిలోబైట్లయితే నెలకు 5 జీబీ లోపే. కాబట్టి కంపెనీ దగ్గరున్న అతి చిన్న ప్లాను సరిపోతుంది. వీపీఎస్ (మీకే విడిగా కేటాయించే సర్వరు భాగం) అనీ, క్లౌడ్ సర్వర్ అనీ ఎవరు చెప్పినా వద్దనండి. దాన్ని చూసుకోవడమే ఒక ఉద్యోగం.

హోస్టింగ్ కొనకుండా నడిచే దారి

యాభై అరవై రచనలు, ఒక పరిచయం పేజీ, పుస్తకాల వివరాలు ఉంటే చాలనుకునేవారికి గూగుల్ ఉచితంగా ఇచ్చే బ్లాగర్‌కి సొంత డొమైన్ తగిలించడమే మా సలహా. ఖర్చు డొమైన్‌ది మాత్రమే. బ్లాగర్ సెట్టింగ్స్‌లో కస్టమ్ డొమైన్ దగ్గర మీ పేరును డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో సహా ఇస్తే, ముందు ఎర్రర్ చూపించి రెండు సీనేమ్ రికార్డులు, అంటే మీ డొమైన్ ఎటు వెళ్ళాలో చెప్పే వరసలు, ఇస్తుంది. మొదటిది అందరికీ ఒకటే, జీహెచ్ఎస్ డాట్ గూగుల్ డాట్ కామ్ వైపు చూపేది. రెండోది మీ ఒక్కరికే వచ్చే పొడుగాటి కోడ్. అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి, డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ (పేరును సర్వరుకి కలిపే సెట్టింగులు) పేజీలో రెండూ చేర్చండి. ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేకుండా టైపు చేసేవారి కోసం నాలుగు 'ఏ' రికార్డులు, అంటే సర్వర్ల అంకెల చిరునామాలు, కూడా కావాలి: 216.239.32.21, 216.239.34.21, 216.239.36.21, 216.239.38.21. గంటో రెండు గంటలో ఆగి మళ్ళీ సేవ్ నొక్కండి. తర్వాత రీడైరెక్ట్ (డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని పేరు నుంచి ఉన్న పేరుకి మళ్ళింపు), హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) రెండూ ఆన్ చేయాలి. హెచ్‌టీటీపీఎస్ పనిచేయడానికి ఒక రోజు దాకా పట్టవచ్చు. ఆ లోపు "సురక్షితం కాదు" అని కనబడితే కంగారుపడి రికార్డులు మార్చకండి. చాలామంది చెడగొట్టుకునేది అప్పుడే.

కోడింగ్ వచ్చినవారు ఇంట్లో ఉంటే కోడ్‌తో రాసుకున్న సైటును ఉంచే గిట్‌హబ్ పేజెస్ కూడా ఉచితమే. సైటు 1 జీబీ, నెలకు 100 జీబీ డేటా దాని హద్దులు. ఒంటరిగా నడుపుకునేవారికి మాత్రం చెప్పం.

డబ్బు పెట్టి కొంటే

సీరియల్స్ భాగాలుగా పెట్టాలన్నా, పుస్తకాలు నేరుగా అమ్మాలన్నా, సైటు రూపం మీ ఇష్టప్రకారం ఉండాలన్నా షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వరును చాలామంది పంచుకునేది) మీద వర్డ్‌ప్రెస్ (సైటు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసుకోవాలి. ఇక్కడ ధరల్ని జాగ్రత్తగా చదవాలి. ఉదాహరణకు ఒక ప్లాను "నెలకు 79 రూపాయలు" అని పెద్దక్షరాల్లో ఉందనుకుందాం. ఆ ధర 48 నెలలకు ఒకేసారి కడితేనే. 79 ఇంటూ 48 అంటే 3,792. 18 శాతం జీఎస్టీ కలిపితే 4,475. ఒక్క ఏడాదికే అయితే అదే ప్లాను నెలకు 149 చొప్పున జీఎస్టీతో 2,110 అవుతుంది. గడువయ్యాక రెన్యువల్ నెలకు 299 అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అంటే ఏడాదికి 4,234. ఈ మూడు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసుకుంటేనే కంపెనీలను పోల్చగలం. కొత్త కంపెనీ అయితే మొదట ఏడాదికే కట్టండి. పనితీరు నచ్చితే గడువు లోపల పొడిగించుకోవచ్చు. నాలుగేళ్ళకు ముందే కట్టేస్తే, సైటు నత్తనడక నడిచినా ఆ డబ్బు కోసం భరిస్తూ కూర్చుంటారు.

డబ్బు కట్టే పేజీలో సైట్ స్కానర్, ప్రీమియం డీఎన్ఎస్, ఎస్ఈఓ టూల్ అంటూ ముందే టిక్ పెట్టి ఉంచుతారు. అన్నీ తీసేయండి. హెచ్‌టీటీపీఎస్‌కి కావాల్సిన ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌కి విడిగా డబ్బు అడిగే కంపెనీకి దూరంగా ఉండండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ వచ్చాక అది ఉచితంగా దొరుకుతోంది.

కొనేముందు చాట్‌లో నాలుగు ప్రశ్నలు వేయండి. సర్వరు ముంబయిలో పెట్టుకోవచ్చా? ఫైళ్ళ సంఖ్యకు, అంటే ఐనోడ్‌లకు, పరిమితి ఎంత? బ్యాకప్ రోజూ తీస్తారా, తిరిగి ఎక్కించడానికి డబ్బు తీసుకుంటారా? రెన్యువల్ ధర ఎంత? సూటిగా జవాబు రాకపోతే కొన్నాక అసలే రాదు.

సర్వరు ఊరు ఎందుకంటే, పేజీలో మొదటి అక్షరం కనబడేలోపు ఫోనుకీ సర్వరుకీ మధ్య సాధారణంగా మూడు రాకపోకలు జరుగుతాయి. అమెరికా సర్వరైతే గాజువాక నుంచి ఒక్కో రాకపోకకు 200 మిల్లీసెకన్లు దాటుతుంది. ముంబయి అయితే పదుల్లో తేలిపోతుంది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్ని ప్రకటించింది. దానివల్ల మన చిన్న హోస్టింగులు ఇక్కడికి వచ్చేస్తాయని ఎదురుచూడనక్కర్లేదు, ముంబయి చాలు. పాఠకుల్లో సగం మంది డాలస్‌లో ఉంటే సైటులోని ఫైళ్ళ కాపీలను దేశదేశాల్లో ఉంచే క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాను తగిలించండి. బొమ్మలు, ఫాంట్లు వాళ్ళ దగ్గర్లోంచే వెళతాయి. పేజీ మాత్రం మామూలు సెట్టింగుల్లో మీ సర్వరు నుంచే వస్తుంది.

ఐనోడ్‌ల సంగతి తెలియకే "అన్‌లిమిటెడ్ అన్నారుగా" అని గొడవలు వస్తాయి. ఒక్క ఫొటో ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ వేర్వేరు సైజుల్లో నాలుగైదు కాపీలు చేస్తుంది. హోస్టింగులోనే మెయిల్ పెట్టుకుంటే ప్రతి ఉత్తరమూ ఒక ఫైలే. మెయిల్‌ను అందులో పెట్టకండి. క్లౌడ్‌ఫ్లేర్ ఈమెయిల్ రౌటింగ్‌తో మీ డొమైన్‌కి వచ్చిన ఉత్తరాలను ఉచితంగా జీమెయిల్‌కి మళ్ళించుకోవచ్చు. సైటు మీద 508 ఎర్రర్ కనబడితే, మీ ప్లానుకి ఇచ్చిన సీపీయూ, మెమరీ వాటా అయిపోయిందని అర్థం. ఎక్కువసార్లు కారణం వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించే ప్లగిన్లే. వాటిని ఆరేడుకి తగ్గించి, పేజీలను ముందే సిద్ధం చేసి ఉంచే క్యాష్ ప్లగిన్ ఒకటి ఉంచండి. పెద్ద ప్లానుకి మారమని కంపెనీ అనడం సహజం. ముందు ఇది చేసి చూడండి.

విదేశీ కంపెనీ అయితే కార్డు పనిచేయకపోవచ్చు. రిజర్వు బ్యాంకు 2020లో పెట్టిన నిబంధన వల్ల కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మొదట ఆఫ్‌లో ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, కట్టాక మళ్ళీ ఆఫ్ చేయండి. యూపీఐ తీసుకునే కంపెనీ అయితే ఈ తిప్పలే ఉండవు.

తెలుగు సైటుకే వచ్చే చిక్కులు

అను ఫాంట్లలో డీటీపీ చేయించిన పేజ్‌మేకర్ ఫైలు నుంచి కాపీ చేసి అతికిస్తే గజిబిజి అక్షరాలే వస్తాయి. అది హోస్టింగ్ తప్పు కాదు. ఫోన్లూ వెబ్‌సైట్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరులో వేసి, తర్వాత ప్రతి పేరా చదువుకోండి. వత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు తప్పుతుంటాయి.

పాత సైటును కొత్త హోస్టింగుకి మార్చాక కథలన్నీ వరస ప్రశ్నార్థకాలుగా కనబడితే డేటాబేస్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలు దాచే పద్ధతి) తప్పినట్టు. యూటీఎఫ్8ఎంబీ4 ఉండాలి. ప్రశ్నార్థకాలుగా నమోదైపోయిన అక్షరాలు తిరిగి రావు కాబట్టి, పాత హోస్టింగును ఆపేముందే కొత్తచోట పది కథలు తెరిచి చూడండి.

లింకులు ఇంకో తలనొప్పి. తెలుగు శీర్షిక లింకులోకి వెళ్ళినప్పుడు ఒక్కో గుర్తూ తొమ్మిది క్యారెక్టర్లవుతుంది. 'విశాఖపట్నం' అన్న ఒక్క మాటకే 90. వర్డ్‌ప్రెస్ 200 దగ్గర తెంచేస్తుంది, అంటే 22 గుర్తులకే. వాట్సాప్‌లో పంపితే మూడు వరసల శాతం గుర్తులు కనబడతాయి. బ్లాగర్‌ది వేరే దారి, తెలుగు శీర్షికలన్నిటికీ "బ్లాగ్ పోస్ట్" అనే లింకు తగిలించేస్తుంది. ఎక్కడైనా సరే, పబ్లిష్ నొక్కేముందే కథ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటల్లో రాసి పర్మాలింక్‌గా, అంటే శాశ్వత లింకుగా, పెట్టండి. తర్వాత మారిస్తే అప్పటికే పంచుకున్న లింకులు తెగిపోతాయి. ఫాంటుకి మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ బాగుంటాయి. వరసల మధ్య ఎడం 1.7 రెట్లు ఉంచితే కింది వరస గుడి పై వరస వత్తుకి తగలదు.

కొన్నాక మొదటి నెల

డబ్బు వాపసు గడువు ఎక్కువ కంపెనీల్లో 30 రోజులు. వాపసులో డొమైన్ రుసుము రాదు. మొదటి వారంలోనే ఐదు కథలు పెట్టి, క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబులో మొదటి వరస మీద సర్వరు జవాబు సమయం చూడండి. ఉదయం, రాత్రి తొమ్మిదింటికి, ఆదివారం, ఇలా మూడుసార్లు. తరచూ 800 మిల్లీసెకన్లు దాటుతుంటే చాట్‌లో అడగండి, వారంలో మారకపోతే వాపసు తీసుకోండి.

బ్యాకప్ కంపెనీదే అని వదిలేయకూడదు. నెలకోసారి మీరే దించుకుని, ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు మనది. ఇంట్లో ఉన్న ఒక్క హార్డ్ డిస్కును నమ్ముకోవద్దని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆరు నెలలకోసారి ఆ ఫైలు తెరుచుకుంటోందో లేదో కూడా చూసుకోండి.

రెన్యువల్ తేదీకి 45 రోజుల ముందు, 15 రోజుల ముందు ఫోన్లో గుర్తు పెట్టుకోండి. కార్డు మారినా, బ్యాంకు అనుమతి ఇవ్వకపోయినా ఆటో రెన్యువల్ ఆగిపోతుంది. డాట్ కామ్ గడువు దాటితే కంపెనీని బట్టి కొన్ని రోజుల వెసులుబాటు ఉంటుంది. తర్వాత వచ్చే 30 రోజుల్లో విడిపించుకోవాలంటే అదనపు రుసుము కట్టాలి. అదీ దాటితే మరో ఐదు రోజులకు ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు.