‘ఫార్మాట్ చేయాలి’ అని విండోస్ అడిగిందా? ముందు ఫైల్ సిస్టమ్ చూడండి

డ్రైవ్ పాడైందని ఎవరు తెచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: అందులో ఏ ఫైల్ సిస్టమ్ ఉంది, అంటే ఫైళ్లను ఏ పద్ధతిలో అమర్చి ఉంచారు? చూశామని చెప్పేవాళ్లు చాలా తక్కువ. ‘దిస్ పీసీ’లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరిస్తే జనరల్ ట్యాబ్‌లోనే రాసి ఉంటుంది. మ్యాక్‌లో ‘గెట్ ఇన్ఫో’ తెరిచి ‘ఫార్మాట్’ అన్న వరుస చూడాలి. దయచేసి కేబుల్ మార్చే ముందు, కొత్త డ్రైవ్ కొనే ముందు ఇది చూడండి.

సమస్య: పెన్ డ్రైవ్‌లో బోలెడంత ఖాళీ ఉంది, అయినా 6 జీబీ పెళ్లి వీడియో ఎక్కట్లేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్. 1996 నాటి ఈ పద్ధతిలో ఫైల్ సైజు రాసుకోవడానికి నాలుగు బైట్లే ఉంటాయి. అందులో పట్టే పెద్ద సంఖ్య 4,29,49,67,295. అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. డ్రైవ్ ఎంత పెద్దదైనా ఒక్కో ఫైల్ ఆ గీత దాటదు. ఉన్నవి వేరేచోట కాపీ చేసుకుని, ఎక్స్‌ఫ్యాట్ అనే మరో ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేయండి. విండోస్, మ్యాక్ రెండింటిలోనూ పనిచేస్తుంది. పాత టీవీలు, కారు స్టీరియోల్లో మాత్రం ఫ్యాట్32 తప్ప మరొకటి చదవనివి చాలా ఉన్నాయి. పాటల కోసం వాడే పెన్ డ్రైవ్‌ను అలాగే వదిలేయండి.

సమస్య: మ్యాక్‌లో ఫైళ్లు తెరుచుకుంటాయి, కొత్తవి ఎక్కవు

డ్రైవ్ విండోస్ సొంత ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంది. మ్యాక్ దాన్ని చదువుతుంది, రాయదు. దీనికీ మందు ఎక్స్‌ఫ్యాటే.

సమస్య: డ్రైవ్ పెట్టగానే ‘వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అంటోంది

అసలు నష్టం జరిగేది ఇక్కడే. ప్రాపర్టీస్‌లో ‘రా’ అని ఉంటుంది, సైజు సున్నా చూపిస్తుంది. డిస్క్ పోయిందనుకుని ఫార్మాట్ నొక్కేస్తారు. ‘రా’ అంటే డిస్క్ చెడిందని కాదు, లోపల ఉన్నదేమిటో విండోస్‌కు తెలియలేదని మాత్రమే. లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లో వాడిన నిక్షేపంలాంటి డ్రైవ్ పెట్టినా, నిజంగా దెబ్బతిన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టినా అదే పెట్టె, అదే మాట. క్విక్ ఫార్మాట్ అయినా సరే, పాత సూచికల మీద కొత్తవి రాసేస్తుంది. ఆ తర్వాత ఫైళ్లు పేర్లతో సహా బయటపడటం చాలా కష్టం.

కాబట్టి క్యాన్సిల్ నొక్కి, ఆ డ్రైవ్ ఇంతకుముందు ఎక్కడ ఉండేదో గుర్తుచేసుకోండి. సీసీటీవీ డీవీఆర్‌లోంచి తీసిన హార్డ్ డిస్కా? వాటిలో చాలావాటికి సొంత పద్ధతి ఉంటుంది. తిరిగి అదే డీవీఆర్‌లో బిగించి, దాని మెనూలోని బ్యాకప్‌తోనే ఫుటేజీ తీయండి. ఫోన్‌లో ‘ఇంటర్నల్ స్టోరేజ్’గా మార్చిన మెమరీ కార్డా? అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, తాళం చెవి ఆ ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్‌ను రీసెట్ చేయకండి. మ్యాక్‌లో వాడినదైతే ఇంకో మ్యాక్‌కి పెట్టి చూడండి.

ఇవేవీ కాకపోతే ఉబుంటు అనే ఉచిత లినక్స్‌ను పెన్ డ్రైవ్ మీద నుంచి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ పద్ధతిలో నడిపి, అందులోని ‘డిస్క్స్’ తెరవండి. పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) మీద నొక్కితే కింద ‘కంటెంట్స్’ అన్నచోట ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) అనో, ఎన్‌టీఎఫ్‌ఎస్ అనో పేరు కనిపిస్తుంది. ఈఎక్స్‌టీ4 అని వస్తే డ్రైవ్ బాగానే ఉండే అవకాశం ఎక్కువ. అక్కడే తెరిచి, ఫైళ్లను వేరే డిస్క్‌కు కాపీ చేసుకోండి.

విండోస్‌లోనే తేల్చుకోవాలని కొందరు డిస్క్‌పార్ట్ అనే కమాండ్ల టూల్‌లో పార్టిషన్ రకం నంబరు చూస్తారు. 83 అని ఉంటే లినక్స్‌ది. కానీ 07 చూసి ఎన్‌టీఎఫ్‌ఎస్ అని తేల్చేయకండి, ఎక్స్‌ఫ్యాట్‌కీ అదే నంబరు. పైగా ఆ నంబరు పార్టిషన్ పట్టికలో అంటించిన చీటీ మాత్రమే. దాన్ని మార్చకుండానే లోపల ఈఎక్స్‌టీ4 వేయొచ్చు. ఉబుంటు డిస్క్స్ లోపలి రాత చదివి చెబుతుంది కాబట్టి నేను దాన్నే నమ్ముతాను. డిస్క్‌పార్ట్‌లో పార్టిషన్ పట్టికనే తుడిచేసే ‘క్లీన్’ అనే కమాండ్ జోలికి మాత్రం పోవద్దు.

ఉబుంటు కూడా గుర్తుపట్టకపోతేనో, ఎన్‌టీఎఫ్‌ఎస్ అని చూపించి తెరవకపోతేనో అప్పుడు నిజంగా దెబ్బతిన్నట్టు అనుమానించాలి. ‘రా’ డ్రైవ్ మీద విండోస్ సరిచేసే టూల్ చెక్‌డిస్క్ నడవదు, ఆ సలహా వినకండి. డిస్క్ మొత్తానికి ఇమేజ్ (ఉన్నదున్నట్టు పూర్తి నకలు) తీసుకుని, ఆ కాపీ మీద టెస్ట్‌డిస్క్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్ ప్రయత్నించండి.

మిగతా కారణాలు అరుదు: మెమరీ కార్డు అడాప్టర్ మీద లాక్ మీట జారడం, యూఎస్‌బీ పోర్టుకు కరెంటు చాలకపోవడం, సైజు అబద్ధం చెప్పే నకిలీ కార్డు. మొదటి రెండూ చేత్తో చూస్తే తెలిసిపోతాయి, మూడోదానికి కార్డు మార్చడమే.