‘సక్సెస్ అయ్యాను’ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

పని నెరవేరింది, గండం గట్టెక్కాం, పిల్లాడు పైకొచ్చాడు, చేను ఏపుగా ఎదిగింది. తెలుగులో ఇన్ని మాటలున్నాయి కానీ, ఇంగ్లీషులోకి దిగగానే అన్నిటికీ ‘సక్సెస్’ ఒక్కటే వాడేస్తాం. అందుకే మనసులో ఉన్న తెలుగు క్రియ ఏదో ముందు తేల్చుకుని, ఆ తర్వాత ఇంగ్లీషు మాట వెతకండి.

‘సక్సెస్’ నామవాచకం. ‘ఐ బికేమ్ సక్సెస్’ అనకూడదు. ‘ఐ సక్సీడెడ్’ అనాలి, లేదా ‘ఐ వాజ్ సక్సెస్‌ఫుల్’. ఫలానా పనిలో అని చెప్పాలంటే ‘ఇన్’ పెట్టి, దాని వెంట ‘ఇంగ్’ రూపం వాడాలి: ‘షి సక్సీడెడ్ ఇన్ గెటింగ్ ఎ లోన్’. ‘సక్సీడెడ్ టు గెట్’ అనేది మనవాళ్లు తరచూ చేసే తప్పు. ‘ట్రై టు’ అలవాటు ఇక్కడికీ పాకుతుంది. ‘సక్సీడ్ టు’ అంటే వారసత్వంగా పదవికో సింహాసనానికో రావడం. అలాగే ‘టు’ లేకుండా ‘ఛార్లెస్ సక్సీడెడ్ ఎలిజబెత్ ఇన్ 2022’ అంటే ఆమె తర్వాత ఆయన రాజయ్యాడని, ఆమెను ఓడించాడని కాదు. ఈ మాటకు లాటిన్‌లో మూలార్థమే ‘వెనక రావడం’. అందుకే ‘త్రీ సక్సెసివ్ ఫెయిల్యూర్స్’లో గెలుపేమీ లేదు, వరుసగా మూడు ఓటములే. కార్యక్రమం బాగా జరిగిందనడానికి ‘ఇట్ వాజ్ ఎ సక్సెస్’ అనాలి. ఆ ‘ఎ’ వదలకండి. స్పెల్లింగ్‌లో రెండు ‘సి’లు, చివర రెండు ‘ఎస్’లు.

ఇక అందరూ జారేది ‘-గలిగాను’ దగ్గర. ‘నిన్న పేపరు పూర్తి చేయగలిగాను’ అనడానికి ‘ఐ కుడ్ ఫినిష్ ద పేపర్ ఎస్టర్‌డే’ అంటాం. కానీ ‘కుడ్’ ఒకప్పుడు ఉన్న సామర్థ్యాన్ని చెబుతుంది: ‘ఐ కుడ్ స్విమ్ ఎట్ సిక్స్’, అంటే ఆరేళ్లకే ఈత వచ్చు. ఒక్కసారి జరిగిన పనికి ‘వాజ్ ఏబుల్ టు’ గానీ ‘మేనేజ్డ్ టు’ గానీ వాడాలి. కాలేదు అన్నప్పుడు మాత్రం ‘కుడ్‌న్ట్’ నిక్షేపంగా సరిపోతుంది. ‘మేనేజ్డ్ టు’లో కిందామీదా పడి సాధించామన్న ధ్వని ఉంది. చివరి బస్సు అందుకున్నప్పుడు అది చక్కగా కుదురుతుంది. అదే తోటి ఉద్యోగిని మెచ్చుకుంటూ ‘యు మేనేజ్డ్ టు ఫినిష్’ అన్నారో, నీవల్ల కాదనుకున్నా అన్నట్టు వినిపిస్తుంది.

‘అచీవ్’కు సాధారణంగా కర్మ ఉండాలి. ఏం సాధించారో చెప్పకుండా ‘ఐ అచీవ్డ్’ అని ఆపితే వాక్యం గాలిలో వేలాడుతుంది.

‘థ్రైవ్’, ‘ఫ్లరిష్’, ‘ప్రాస్పర్’ మూడూ ఒక్కటి కావు. ఏపుగా పెరగడం థ్రైవ్: ‘చిల్లీస్ థ్రైవ్ ఇన్ బ్లాక్ సాయిల్’. ‘షి థ్రైవ్స్ ఆన్ ప్రెషర్’ అంటే ఒత్తిడి ఉంటేనే ఆమె చెలరేగి పనిచేస్తుందని. ఫ్లరిష్‌కు మూలం పువ్వు. కళలకు, వ్యాపారాలకు, వికసించే దేనికైనా వాడొచ్చు. ‘తెలుగు లిటరేచర్ ఫ్లరిష్డ్ అండర్ కృష్ణదేవరాయ’ అనొచ్చు, ఆయన పాలించింది 1509 నుంచి 1529 దాకా, వికసించడానికి అంత వ్యవధి ఉంది. అరగంట ఇంటర్వ్యూలో ఎవరూ ఫ్లరిష్ కారు, అక్కడ ‘డిడ్ వెల్’ చాలు. ప్రాస్పర్‌లో డబ్బు వాసన ఎక్కువ, మన ‘బాగుపడటం’ లాంటిది. ఉగాది శుభాకాంక్షల్లో ‘ప్రాస్పరస్’ అందుకే అతుకుతుంది.

గట్టెక్కడానికి మాటలు వేరే ఉన్నాయి. జబ్బు నుంచి బయటపడితే ‘పుల్డ్ త్రూ’. పదో తరగతిలో సరిగ్గా 35 మార్కులతో బయటపడితే ‘స్క్రేప్డ్ త్రూ’.

విదేశాల్లో ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ‘ఐ పాస్‌డ్ ఔట్ ఇన్ 2019’ అంటే అమెరికావాళ్లకు మీరు ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయినట్టు అర్థమవుతుంది. ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019’ అనండి. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో ‘పాసింగ్ ఔట్ పరేడ్’ మాత్రం సరైన మాటే. అది సైన్యం వాడుక.