తక్కువ ఖర్చులో మంచి కుక్క ఆహారం: బ్రాండు మార్చే ముందు చూడవలసినవి

కుక్క ఆహారం గురించి సలహా అడిగేవారి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకే రూపంలో ఉంటుంది: "ఇప్పుడు పెడుతున్నది పడటం లేదు, ధర కొంచెం ఎక్కువైనా పర్వాలేదు, ఏది కొనమంటారు?" జవాబు చెప్పే ముందు నేను తిరిగి మూడు విషయాలు అడుగుతాను. నట్టల మందు చివరిసారి ఎప్పుడు వేశారు, రోజుకు ఎన్ని గ్రాములు పెడుతున్నారు, సంచి మీద తయారీ తేదీ ఏమిటి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవారు అరుదు. నెలకు వెయ్యి రూపాయలు అదనంగా పెట్టడానికి సిద్ధపడేవారు కూడా సంచిని వెనక్కి తిప్పి చదవడానికి బద్ధకిస్తారు.

ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకూడదని, కొత్త ఆహారాన్ని వారం పది రోజులపాటు పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలని మీకు తెలుసుననే భావించి రాస్తున్నాను.

సమస్య: సంచి తొందరగా అయిపోతోంది, ఖర్చు భరించలేకపోతున్నాం

దీనికి కారణం చాలావరకు గ్లాసుతో కొలవడం. ఒకే గ్లాసులో ఒక రకం పొడి ఆహారపు గుళికలు 80 గ్రాములు పడితే, వేరొక రకం 110 గ్రాములు పడతాయి. ఇంట్లో ఇద్దరు వేర్వేరు పూటల పెట్టేటప్పుడు ఒకరు గ్లాసును తలకొట్టి పోస్తారు, ఇంకొకరు గోపురంలా పోస్తారు. వంటింటి తూకం ఒకటి కొని వారం రోజులు గ్రాముల్లో తూచి పెట్టండి. చాలా ఇళ్లలో బ్రాండు మార్చకుండానే ఖర్చు తగ్గుతుంది, ఎందుకంటే కుక్క అప్పటిదాకా అవసరానికి మించి తింటూ ఉండి ఉంటుంది. పైగా బిస్కట్లు, మనం తినగా మిగిలిన చపాతీ ముక్కలు ఎవరి లెక్కలోకీ రావు.

రెండో కారణం, ధరను కిలో లెక్కన పోల్చడం. పోల్చవలసింది రోజు ఖర్చును. సంచి వెనక ఉన్న శాతాలను తీసుకుని ఒక చిన్న లెక్క చేయవచ్చు. 100 నుంచి ప్రోటీను, కొవ్వు, పీచు, తేమ, బూడిద (కాల్చితే మిగిలే ఖనిజ లవణాలు) శాతాలను తీసేస్తే మిగిలేది పిండిపదార్థం. బూడిద శాతం ముద్రించకపోతే 8 అనుకోండి. ప్రోటీనును, పిండిపదార్థాన్ని 3.5తోను, కొవ్వును 8.5తోను గుణించి కలిపితే 100 గ్రాములలో ఎన్ని కిలోకేలరీలు ఉన్నాయో సుమారుగా తెలుస్తుంది.

ఉదాహరణకు ప్రోటీను 20, కొవ్వు 10, పీచు 5, తేమ 12 శాతం ఉన్న ఆహారం కిలో 220 రూపాయలు అనుకుందాం. దానిలో 100 గ్రాములకు దాదాపు 312 కిలోకేలరీలు వస్తాయి. ప్రోటీను 24, కొవ్వు 14, పీచు 4, తేమ 10 శాతం ఉన్న మరొకటి కిలో 240 రూపాయలు. దానిలో 343 వస్తాయి. ఇంటిపట్టున ఉండే, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన 20 కిలోల దేశవాళీ కుక్కకు రోజుకు సుమారు 1,000 కిలోకేలరీలు చాలు. మొదటిది 320 గ్రాములు కావాలి, రెండోది 291 గ్రాములు చాలు. రెండింటికీ రోజు ఖర్చు 70 రూపాయలే. అంటే కిలోకు 20 రూపాయల తేడా ఒట్టి భ్రమ. అయితే కిలో 600 రూపాయల ఆహారాన్ని ఈ లెక్కతో సమర్థించుకోలేము, ఎందుకంటే పొడి ఆహారంలో శక్తి మూడింతలు పెరగడం సాధ్యం కాదు. డబ్బు చూసుకుని ఖర్చు పెట్టేవారికి అట్టడుగు రకానికి ఒక మెట్టు పైన ఉన్నదే సాధారణంగా గిట్టుబాటు అవుతుంది.

ఈ గ్రాములు మొదటి అంచనా మాత్రమే. పక్కటెముకలు చేతికి సులభంగా తగలాలి, కంటికి కొట్టొచ్చినట్టు కనపడకూడదు. దాన్నిబట్టి పెంచడమో తగ్గించడమో చేసుకోవాలి.

సమస్య: మలం మెత్తగా వస్తోంది, లేదా మరీ ఎక్కువగా వస్తోంది

ముందు నట్టల సంగతి తేల్చుకోండి. పెద్ద కుక్కకు మూడు నెలలకొకసారి నట్టల మందు వేయించడం మామూలు పద్ధతి, పిల్లలకు ఇంకా తరచుగా అవసరమవుతుంది. దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలకు మల నమూనా తీసుకువెళ్లి పరీక్ష చేయించడానికయ్యే ఖర్చు, కొత్త బ్రాండు సంచి ధరలో చిన్న భాగం కూడా ఉండదు. ఆ తరువాత చూడవలసినవి పాలు, మోతాదు. పెద్ద కుక్కలలో చాలావాటికి పాలు అరగవు, మోతాదు మించితే ఎంత మంచి ఆహారమైనా మలాన్ని మెత్తబరుస్తుంది. ఇవేవీ కాకపోతే తరువాతి భాగం మీ కోసమే.

సమస్య: మొదట బాగా తినేది, ఇప్పుడు మూతి తిప్పేస్తోంది, జుట్టు కళ తప్పింది, గోక్కుంటోంది

అందరినీ బోల్తా కొట్టించే కారణం ఇక్కడ ఉంది. ఆహారం నాసిరకం కాదు, పాతబడింది. దీనిని పట్టుకోవడం ఎందుకు కష్టమో తెలియాలంటే గుళికలు ఎలా తయారవుతాయో కొంచెం తెలియాలి. పిండిని వేడి, ఒత్తిడితో ఉడికించి, అచ్చులోంచి బయటికి నెట్టి, ఆరబెట్టిన తరువాత, చివరలో గుళికల పైన కొవ్వును, రుచి కోసం వాడే పదార్థాలను చల్లుతారు. అంటే కొవ్వులో చెప్పుకోదగ్గ భాగం గుళిక పైపొరలోనే, గాలికి తగిలేటట్టు ఉంటుంది. సంచి తెరిచిన రోజు నుంచి ఆ కొవ్వు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడటం మొదలవుతుంది. వేడి, తేమ దానిని వేగిరపరుస్తాయి. కొవ్వుతోపాటు విటమిన్ ఇ, చర్మానికి అవసరమైన లినోలిక్ ఆమ్లం కూడా నశిస్తాయి. సంచి మీద ముద్రించిన శాతాలు అలాగే ఉంటాయి, కుక్కకు అందేది మాత్రం అది కాదు.

మన వాతావరణం ఇందుకు చక్కగా సహకరిస్తుంది. మే నెలలో రాయలసీమలోనో తెలంగాణలోనో రేకుల కప్పు కింద ఉంచిన సంచి, కోస్తాలో వానాకాలమంతా వంటింటి మూల మూతి మడిచి పెట్టిన సంచి, రెండూ సంచి మీద రాసిన గడువు తేదీకి చాలా ముందే పాడవుతాయి. ఆ తేదీ సీలు తెరవని సంచికి, చల్లని పొడి చోట ఉంచినప్పటికి వర్తించేది. కోస్తా తేమలో కొవ్వు ఒక్కటే కాదు, బూజు, నిల్వ ధాన్యాలలో పుట్టే కంటికి ఆనని పురుగులు కూడా చేరతాయి. ఆ పురుగుల వల్ల కొన్ని కుక్కలకు దురద వస్తుంది, యజమాని దానిని కోడి మాంసం పడకపోవడంగా అర్థం చేసుకుంటాడు. బూజు పట్టిన మొక్కజొన్న వంటి గింజలలో పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వండినా వేడిచేసినా పోదు. కాబట్టి బూజు కనిపించిన ఆహారాన్ని ఏరి మిగిలినది పెట్టడం కాదు, మొత్తం పారవేయాలి.

పొదుపు చేయాలనుకునేవారే దీనికి ఎక్కువగా చిక్కుతారు, ఎందుకంటే పొదుపు కోసం చేసే రెండు పనులూ ఇటే తీసుకువెళతాయి. మొదటిది లూజుగా కొనడం. దుకాణంలో తెరిచి ఉంచిన బస్తాలోంచో డ్రమ్ములోంచో కిలో, రెండు కిలోలు తూచి ఇస్తారు. దానికి తేదీ ఉండదు, బ్యాచి సంఖ్య ఉండదు, ఆ బస్తా ఎప్పుడు తెరిచారో అమ్మే కుర్రాడికి కూడా తెలియదు. అడుగున కొంత మిగిలి ఉండగానే దానిమీద కొత్త బస్తా కుమ్మరించే దుకాణాలలోనైతే అడుగునున్నది నెలల తరబడి అలాగే ఉంటుంది. రెండోది చిన్న కుక్కకు పెద్ద బస్తా కొనడం. 10 కిలోల కుక్క రోజుకు 175 గ్రాముల దాకా తింటుంది. 20 కిలోల బస్తా దానికి దాదాపు నాలుగు నెలలు వస్తుంది. కిలోకు మిగిలిన నలభై రూపాయలు మూడో నెలలో చర్మవ్యాధి మందులకు పోతాయి.

అసలు మోసం ఆ తరువాత జరుగుతుంది. కుక్క ఒక్కసారిగా మానేయదు, కొద్దికొద్దిగా తగ్గిస్తుంది. యజమాని కోడికూర పులుసు కలిపి ఆశపెడతాడు, ఆ పులుసు వల్ల మలం మెత్తబడుతుంది. చివరికి విసిగి రెట్టింపు ధర ఉన్న బ్రాండు కొంటాడు. ఆ సంచి కొత్తది, అప్పుడే తెరిచినది. కుక్క ఆబగా తింటుంది, రెండు వారాలలో మలం గట్టిపడుతుంది. "చవక రకం పడలేదు" అని ఆయన తీర్మానించుకుంటాడు, నలుగురికీ అదే చెబుతాడు. బ్రాండు, తాజాదనం రెండూ ఒకేసారి మారాయని, వాటిలో పని చేసింది ఏదో తేలలేదని ఎవరికీ తట్టదు. కొన్ని నెలల తరువాత ఆ ఖరీదైన సంచి అడుగుకు వచ్చేసరికి కథ మళ్లీ మొదలవుతుంది.

పరీక్ష సులభమైనది. ఇప్పుడు పెడుతున్న అదే బ్రాండు, అదే రకం, అతి చిన్న సీలు ప్యాకెట్టును ఇటీవలి తయారీ తేదీ చూసి కొనండి. పాత సంచిలోంచి, కొత్త ప్యాకెట్టులోంచి చెరొక గుప్పెడు తీసుకుని విడివిడిగా అరచేతుల మధ్య నలిపి వాసన చూడండి. ముక్కిపోయిన వాసన గాని, పెయింటు డబ్బానో మరగబెట్టిన పాత నూనెనో గుర్తుచేసే వాసన గాని పాతదానిలో వస్తే సంగతి తేలినట్టే. తేడా తెలియకపోయినా, పది రోజులు కొత్త ప్యాకెట్టు ఒక్కటే, తూచి, పులుసులూ బిస్కట్లూ లేకుండా పెట్టండి. కుక్క కుదుటపడితే మీరు బ్రాండు మార్చనక్కరలేదు, కొనే పద్ధతి మార్చాలి. జుట్టు మెరుపు రావడానికి మాత్రం ఇంకొన్ని వారాలు పడుతుంది.

కొనే పద్ధతికి నేను పాటించే లెక్క ఇది: రోజువారీ గ్రాములను 40తో గుణించండి, అంతకన్నా పెద్ద సంచి తెరవకండి. 10 కిలోల కుక్కకు అది 7 కిలోలు, కాబట్టి 3 కిలోల ప్యాకెట్లు రెండు కొని ఒకదాని తరువాత ఒకటి తెరవడం మేలు. 30 కిలోల లాబ్రడార్ రోజుకు 400 గ్రాములకు పైగా తింటుంది గనుక 15 కిలోల బస్తా దానికి సరిగ్గా సరిపోతుంది. పెద్ద బస్తా ధర కావాలనుకునే చిన్న కుక్కల యజమానులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొని, తెరిచిన రోజే పంచుకోవడం అన్నిటికన్నా మంచి ఉపాయం. తయారీ తేదీ, బ్యాచి సంఖ్య ఉన్న వైపును అందరూ ఫోటో తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చే బస్తాకు చాలావరకు గడువు దగ్గరపడి ఉంటుంది, అందగానే తేదీ చూసి నచ్చకపోతే సీలు తెరవకుండా వెనక్కి పంపండి.

నిల్వ విషయంలో ఒకటే మాట. గుళికలను ప్లాస్టిక్ డబ్బాలో పోయకండి, సంచితో సహా డబ్బాలో పెట్టండి. గాలిని, కొవ్వును ఆపడానికి సంచి లోపలి పొరను ప్రత్యేకంగా చేస్తారు. డబ్బా గోడలకు అంటిన పాత నూనె మాత్రం తరువాత పోసిన ప్రతి సంచినీ పాడుచేస్తుంది. సంచి మూతిని గాలి నొక్కేసి మడిచి క్లిప్పు పెట్టండి.

సమస్య: ఇంటి తిండి పెడుతున్నాం, కుక్క నీరసంగా ఉంది, లేదా పిల్ల కాళ్లు వంకర తిరుగుతున్నాయి

పెరుగన్నం కుక్కకు కడుపు నింపుతుంది, ప్రోటీను నింపదు. కొనే ఆహారానికి అమెరికాలో పశువుల ఆహారానికి ప్రమాణాలు రూపొందించే ఆఫ్కో సంస్థ లెక్క ప్రకారం తేమ తీసేసి లెక్కిస్తే పెద్ద కుక్కకు కనీసం 18 శాతం, పెరిగే పిల్లకు 22.5 శాతం ప్రోటీను ఉండాలి. డబ్బు చాలనివారు సగం శక్తిని పొడి ఆహారం నుంచి ఇచ్చి, మిగతాది అన్నం, ఉడికించిన గుడ్డు, కోడి కందనకాయలు, కొద్దిగా కాలేయంతో నింపవచ్చు. ఉడికించిన ఎముకలు మాత్రం వద్దు, అవి పగిలి గుచ్చుకుంటాయి.

పిల్లల విషయంలో ఈ సర్దుబాటు చేయకండి. రాగి సంకటిలో కాల్షియం ఉంది కదా అని చాలామంది అంటారు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నిజమే. కాని ఆ రాగుల నుంచి వచ్చే ప్రతి 1,000 కిలోకేలరీలకు అది దాదాపు ఒక గ్రాము, పెరిగే పిల్లకు కావలసింది 3 గ్రాములు. పైగా రాగులలోని ఫైటేట్లు అనే పదార్థాలు ఉన్నదానినీ పూర్తిగా ఒంటబట్టనివ్వవు. మాంసం, అన్నం మీదే పెరిగిన పిల్లలకు కాళ్లు వంగడానికి కారణం కూడా ఈ కాల్షియం లోటే. ఏడాది వచ్చేవరకు "పెరిగే పిల్లలకు" అని స్పష్టంగా రాసి ఉన్న ఆహారాన్నే పెట్టండి, పొదుపు ఆ తరువాత చేసుకోవచ్చు. కాళ్లు ఇప్పటికే వంగి ఉంటే కాల్షియం టానిక్కును సొంతంగా మొదలుపెట్టకుండా వైద్యుడికి చూపించండి. పెద్ద జాతి పిల్లలకు కాల్షియం ఎక్కువైనా ఎముకలు చెడతాయి.

అరుదైన కారణాలు

ధాన్యం పడకపోవడం అనుకున్నంత తరచు కాదు. కుక్కలలో ఆహార అలర్జీకి ఎక్కువగా నమోదైన కారణాలు గొడ్డు మాంసం, పాల పదార్థాలు, కోడి మాంసం. ధాన్యం లేని ఆహారానికి అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. అలాంటి కొన్ని ఆహారాలకు, గుండె కండరాల జబ్బుకు సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో విచారణ కూడా మొదలుపెట్టింది. థైరాయిడ్, క్లోమ గ్రంథి సమస్యలు ఉంటాయి గాని, వాటిని రక్తపరీక్ష తేలుస్తుంది, బ్రాండు తేల్చదు.

ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు. కుక్క తిండి పూర్తిగా మానేసి, ఒళ్లు కాలుతూ, చిగుళ్లు పాలిపోయి ఉంటే సంచి వాసన చూస్తూ కూర్చోకండి. చెవుల లోపల, వేళ్ల మధ్య పిడుదులు ఉన్నాయేమో చూసి, అవి కనపడినా కనపడకపోయినా అదే రోజు పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష చేయించండి.