ఎంఎస్‌డబ్ల్యూ అయిపోయింది, ఇప్పుడు థెరపీ నేర్చుకోవాలి: ఎక్కడ చేరాలి, ఎలా నేర్చుకోవాలి

ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో మాస్టర్స్ డిగ్రీ, పూర్తిచేసి మానసిక ఆరోగ్య విభాగంలో చేరిన కొత్తవాళ్లు దాదాపు అందరూ నన్ను అడిగేది ఒకటే. ఎదురుగా మనిషి ఏడుస్తుంటే ఏం చెయ్యాలి, ఏం మాట్లాడాలి, అసలు మాట్లాడాలా వద్దా? డిగ్రీలో ఇది పెద్దగా చెప్పరు. మనిషిని, కుటుంబాన్ని, చుట్టూ ఉన్న వ్యవస్థని కలిపి చూడటం అక్కడ నేర్పుతారు. అది తక్కువ విషయమేమీ కాదు, కానీ ఒకే మనిషితో వారం వారం ఒకే గదిలో యాభై నిమిషాలు కూర్చోవడం వేరే పని, దాన్ని విడిగా నేర్చుకోవాల్సిందే.

"మనం సైకాలజిస్టులం కాదు కదా" అని వెనక్కి తగ్గేవాళ్లకి ముందు ఒక మాట. ఫ్యామిలీ థెరపీకి దారి వేసినవాళ్లలో ఒకరైన వర్జీనియా సాటిర్ సోషల్ వర్కరే. మనిషి తన గురించి చెప్పుకునే కథని కొత్తగా చూసే నెరేటివ్ థెరపీ తెచ్చినవాళ్లలో ఒకరైన మైకేల్ వైట్, సమస్య కంటే పరిష్కారం మీద దృష్టిపెట్టే సొల్యూషన్ ఫోకస్డ్ థెరపీని తీర్చిదిద్దినవాళ్లలో ఒకరైన ఇన్సూ కిమ్ బెర్గ్, వీళ్లూ సోషల్ వర్కర్లే. కాబట్టి ఇది మనది కాని ఇంట్లోకి దొంగచాటుగా వెళ్లడం కాదు.

ఇక ట్రైనింగ్ ఎంచుకోవడం. 1920లో మాక్స్ ఐటింగన్ అనే సైకోఎనలిస్టు, ఆయన సహచరులు బెర్లిన్‌లో ఒక క్లినిక్ తెరిచారు. డబ్బు లేనివాళ్లకి అక్కడ ఉచితంగా మానసిక చికిత్స చేసేవారు. థెరపిస్టుల శిక్షణకి మూడు కాళ్లు ఉండాలన్న పద్ధతి అక్కడే స్థిరపడింది: సిద్ధాంతం చదవడం, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కేసులు చూడటం, మన గురించి మనం థెరపీలో తెలుసుకోవడం. వందేళ్లు దాటినా మంచి కార్యక్రమాల్లో చాలావాటికి ఈ మూడే ఆధారం. సిలబస్ ఎంత ఘనంగా ఉందో, సర్టిఫికెట్ మీద ఏ పేరుందో చూసి మోసపోకండి, నా లెక్కలో ఈ మూడింట్లో బరువంతా మధ్య కాలు మీదే ఉంటుంది. చేరేముందు ఈ పర్యవేక్షణ, అంటే సూపర్‌విజన్ గురించి మొహమాటం లేకుండా అడగండి. నా కేసులు వారానికి ఎంతసేపు వింటారు? ఒంటరిగానా, గ్రూపులోనా? సెషన్ రికార్డింగ్ ఎవరైనా వింటారా, లేక నేను చెప్పింది నమ్మేసి వదిలేస్తారా? అన్నిటికంటే ముఖ్యమైంది: నా పనిలో తప్పొప్పులు వినే మనిషీ, నా సెలవులూ జీతం చూసే మనిషీ ఒకరేనా? ఒకరే అయితే మీరు తప్పులు దాచడం మొదలుపెడతారు. మీరు చెడ్డవాళ్లు కాబట్టి కాదు, ఎవరైనా అంతే. అలాంటి చోట ఇంకో సూపర్‌వైజర్‌ని ఇవ్వగలరా అని అడగండి.

లైసెన్సు కావాల్సినచోట ఉంటే ఈ సూపర్‌విజన్ గంటలు దానికి లెక్కకొస్తాయో లేదో, ఎవరి సంతకం చెల్లుతుందో మొదటి నెలలోనే రాతపూర్వకంగా తెలుసుకోండి. తర్వాత పరుగులు పెట్టిన వాళ్లని చాలామందిని చూశాను.

చేరాక మీరు రోజూ చెయ్యాల్సిన పని ప్రాసెస్ నోట్స్ రాయడం. ఫైల్లో పెట్టే రికార్డు వేరు, ఇది వేరు, ఇది నేర్చుకోవడానికి. క్లయింట్ ఏమన్నారు, మీరేమన్నారు, ఆ క్షణంలో మీకేమనిపించింది, గుర్తున్నంత వరకు మాటకి మాట. సెషన్ అయిన గంటలోపే రాయండి, రాత్రికి వాయిదా వేస్తే మన మెదడు మనకి అనుకూలంగా కథ అల్లేస్తుంది. పేర్లు, ఊర్లు రాయకండి, తాళం ఉన్నచోట పెట్టండి, ఎప్పుడు చించెయ్యాలో సంస్థ నియమం కనుక్కోండి.

ఇది ఎందుకంటే, నా మొదటి ఏడాదిలో జరిగింది చెబుతాను, వివరాలు మార్చాను. తల్లిని పోగొట్టుకున్న ఒకావిడతో సెషన్ గురించి నోట్స్‌లో "దుఃఖం గురించి మాట్లాడాం" అని ఒక్క ముక్క రాసుకుని వెళ్లాను. మా సూపర్‌వైజర్ "ఆవిడ మాటలు చెప్పు" అన్నారు. తడుముకుని గుర్తుచేసుకున్నా. "అమ్మ పోయాక ఆ కుర్చీ ఎవరూ కదపలేదు" అందావిడ. దానికి నేనన్నది, "మీ అక్క సాయానికి వస్తున్నారా?" అని. దుఃఖం గురించి మేం మాట్లాడనే లేదు. కుర్చీ దగ్గర ఆవిడ ఆగింది, నేను ఆగలేకపోయాను, అక్కని తెచ్చి మధ్యలో నిలబెట్టాను. తర్వాతి వారం నేను చేసిందల్లా "పోయినసారి కుర్చీ గురించి చెప్పారు" అని అని ఊరుకోవడం. రెండు నిమిషాలు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, ఆ తర్వాత చివరిదాకా ఆవిడే మాట్లాడింది.

సోషల్ వర్కర్లకి ఈ జబ్బు ఎక్కువ, ఎందుకంటే మనకి నేర్పిందే సాయం చెయ్యడం. క్లయింట్‌కి ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది, మీకు తెలిసిన నంబరుంది, చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. కొన్ని ట్రైనింగుల్లో "అది థెరపీ కాదు, ముట్టుకోవద్దు" అంటారు, నేను ఒప్పుకోను. నెత్తిమీద కప్పు పోతుంటే చిన్ననాటి గాయాల గురించి మాట్లాడమనడం అన్యాయం. ఫోన్ చెయ్యండి. కాకపోతే ఎత్తేముందు ఒక్క క్షణం ఆగి, ఈ ఫోన్ ఆయన కోసమా, ఎదురుగా ఉన్న ఆయన భయం నేను తట్టుకోలేక చేస్తున్నానా అని చూసుకోండి. వీలైతే "మీరు చేస్తారా, నేను పక్కన ఉంటాను" అనండి. ఏం చేసినా దాన్ని సూపర్‌విజన్‌కి తీసుకెళ్లండి.

ఆత్మహత్య విషయంలో మాత్రం ఇంత ఆలోచన అక్కర్లేదు, సూటిగా అడగాలి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని కొత్తవాళ్లు భయపడతారు, అలా జరగదు, చాలామందికి ఎవరో ఒకరు అడిగినందుకు ఊపిరి వస్తుంది. ఎలా చేద్దామనుకున్నారు, దానికి కావాల్సింది అందుబాటులో ఉందా, ఇంతకుముందు ప్రయత్నించారా, దగ్గర ఎవరున్నారు అని అడగండి. ఆ మనిషి గది దాటి వెళ్లకముందే సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యండి. అందుకే చేరిన మొదటి రోజే, సాయంత్రం ఏడు తర్వాత ఎవరికి ఫోన్ చెయ్యాలో అడిగి రాసిపెట్టుకోండి.

ఏ పద్ధతి నేర్చుకోవాలి, సీబీటీయా (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకునే పద్ధతి), సైకోడైనమిక్కా (మనకే తెలియని లోపలి భావాల్ని, పాత బంధాల్ని చూసే పద్ధతి), ఫ్యామిలీ థెరపీయా అని కొందరు ఏళ్లు మథనపడతారు. ఒకటి పట్టుకోండి, కనీసం రెండేళ్లు వదలకండి. వారాంతపు వర్క్‌షాపులు పది చేస్తే పది పరిభాషలు వస్తాయి, చెయ్యి తిరగదు. సైకాలజిస్టు ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో చెప్పిన సంగతి ఏ పద్ధతికైనా పనికొస్తుంది: ఎక్కడికి వెళ్దామన్నదాంట్లో, అందుకు ఏం చేద్దామన్నదాంట్లో ఇద్దరికీ ఒప్పుదల ఉండాలి, ఇద్దరి మధ్యా నమ్మకం ఉండాలి. కేసు ముందుకి కదలనప్పుడు ఈ మూడింట్లో ఏది తెగిందో చూడండి, చాలాసార్లు దొరుకుతుంది.

సూపర్‌విజన్‌లో ఇంకో వింత జరుగుతుంది. సైకియాట్రిస్టు హెరాల్డ్ సెర్ల్స్ 1955లోనే దీని గురించి రాశాడు: క్లయింట్ మీతో ఎలా ఉంటున్నారో తెలియకుండానే మీరు సూపర్‌వైజర్‌తో అలా ఉంటారు. ఏం చెప్పినా "అవును, కానీ" అనే క్లయింట్ గురించి చెబుతూ మీరే "అవును, కానీ" అంటుంటారు. అది ఎవరైనా పట్టుకుంటే సిగ్గుపడకండి, ఆ క్లయింట్ లోపల ఎలా ఉందో అంత దగ్గరగా తెలిసే దారి ఇంకోటి లేదు.

మీ సొంత థెరపీ తప్పనిసరి కాకపోయినా చెయ్యండి, క్లయింట్ కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో తెలుస్తుంది. అక్కడ చెప్పింది ట్రైనింగ్ వాళ్లకి చేరకూడదు, ఈ హామీ ముందే తీసుకోండి.

చివరిగా, ట్రైనింగ్ అయిపోగానే మీరు వెళ్లిపోతారు, క్లయింట్లు మిగులుతారు. నేను శిక్షణలో ఉన్నాను, నా పని ఇంకొకరు చూస్తారు, ఫలానా నెల వరకే ఇక్కడ ఉంటాను అని మొదటి సెషన్‌లోనే చెప్పండి. వెళ్లే మూడు నెలల ముందు మళ్లీ గుర్తుచెయ్యండి. అప్పటినుంచి కొందరు ఆలస్యంగా వస్తారు, కొందరు రావడం మానేస్తారు, కొందరు మీమీద కోప్పడతారు. అలా మానేసినవాళ్లకి ఒక ఫోన్ చేసి, వచ్చే వారం అదే రోజు, అదే టైముకి గదిలో ఉంటానని చెప్పండి. వాళ్లు వచ్చినా రాకపోయినా ఆ టైముకి అక్కడ కూర్చోండి.