ప్రకటన కొనాలా, ప్రకటనకు చోటివ్వాలా? పేజీని బట్టి తేల్చుకునే పద్ధతి

నేను రెండు వైపులా పనిచేస్తాను. కుట్టుమిషన్ విడిభాగాలు అమ్మేవాళ్ల గూగుల్ యాడ్స్ (డబ్బు కట్టి గూగుల్‌లో ప్రకటనలు ఇచ్చే చోటు) ఖాతాలు చూస్తాను. కుట్టుమిషన్ రిపేర్ల మీద సొంతంగా ఒక సైటు కూడా రాస్తాను, అందులో యాడ్‌సెన్స్ (సైటులో ప్రకటనలకు చోటిస్తే గూగుల్ డబ్బిచ్చే ఏర్పాటు) ప్రకటనలు వస్తాయి. సైటు కొత్తగా పెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "యాడ్స్‌కి డబ్బు పెట్టాలా, యాడ్స్ పెట్టుకుని సంపాదించాలా?" సైటు మొత్తానికి ఒకే జవాబు వెతకొద్దు. ఒక్కో పేజీని విడిగా చూడండి. ఇక్కడికి వచ్చినవాళ్లు మీ దగ్గర ఏదైనా కొంటారా, చదువుకుని వెళ్లిపోతారా?

"బాబిన్ కేస్ ధర" అని వెతికేవాళ్లు కొనడానికే వచ్చారు (మిషన్‌లో కింది దారపు కండె కూర్చునే భాగమే బాబిన్ కేస్). "పైదారం ఎందుకు తెగుతోంది" అని వెతికేవాళ్లకు కావాల్సింది సలహా. మొదటివాళ్ల కోసం సెర్చ్‌లో ప్రకటన కొనొచ్చు. రెండోవాళ్లు చదివే పేజీలో ప్రకటనలకు చోటిచ్చి సంపాదించుకోవచ్చు.

కొనే పని లెక్కతోనే మొదలవ్వాలి. ఒక అమ్మకంలో ఖర్చులన్నీ పోను మీకు 20 డాలర్లు మిగులుతాయనుకుందాం. పేజీకి వచ్చిన వందమందిలో ఇద్దరు కొంటారనుకుందాం. అంటే వంద క్లిక్‌లకు చేతికొచ్చేది 40 డాలర్లు. ఒక్క క్లిక్‌కు 40 సెంట్లు పెడితే లాభమూ లేదు, నష్టమూ లేదు. అంతకు మించితే ప్రతి క్లిక్‌కీ జేబులోంచి పోతుంది. ఈ ఒక్క అంకె తెలియకుండా ఖాతా తెరవొద్దని నేను గట్టిగా చెబుతాను. వందలో ఎందరు కొంటున్నారో తెలియాలంటే కన్వర్షన్ ట్రాకింగ్, అంటే ప్రకటన నొక్కి వచ్చినవాళ్లలో ఎవరు కొన్నారో లెక్కపెట్టే ఏర్పాటు, ముందే పెట్టుకోవాలి. అది లేకుండా నడిపిన ప్రకటనలో ఏ మాట డబ్బు తెచ్చిందో, ఏది తినేసిందో ఎప్పటికీ తేలదు.

ఇక సెట్టింగులు. సెర్చ్ క్యాంపెయిన్ (వెతికినప్పుడు కనిపించే ప్రకటనల సెట్) పెట్టేటప్పుడు డిస్‌ప్లే నెట్‌వర్క్ (ఇతర సైట్లలో, యాప్‌లలో ప్రకటనలు), సెర్చ్ పార్ట్‌నర్స్ (గూగుల్‌తో కలిసిన ఇతర వెతుకులాట సైట్లు) అనే గడులకు టిక్కు ముందే పెట్టి ఉండొచ్చు. మొదట్లో రెండూ తీసేయండి. ప్రాంతం దగ్గర "అక్కడ ఉన్నవాళ్లు"తో పాటు "ఆ ప్రాంతంపై ఆసక్తి ఉన్నవాళ్లు" కూడా కలిసి ఉంటారు. సరుకు పంపలేని చోట ఉన్నవాళ్ల క్లిక్‌కు డబ్బు కట్టడం ఎందుకు? ఉన్నవాళ్లనే ఎంచుకోండి. రోజు బడ్జెట్ చూసి కూడా కంగారు పడతారు. ఒక్కోరోజు గూగుల్ దానికి రెట్టింపు దాకా ఖర్చు పెట్టగలదు, నెల మొత్తం మీద మాత్రం రోజు బడ్జెట్‌కు 30.4 రెట్లు దాటి వసూలు చేయదు.

కీవర్డ్‌లు, అంటే ఏ మాటలు వెతికితే మీ ప్రకటన రావాలో ఆ మాటలు, బ్రాడ్ మ్యాచ్‌తో (దగ్గరి అర్థమున్న వెతుకులాటలకూ ప్రకటన చూపే పద్ధతి) మొదలుపెట్టకండి. ఎగ్జాక్ట్ (అదే అర్థమున్న వెతుకులాటకే), ఫ్రేజ్ (ఆ మాట అర్థం కలిసిన వెతుకులాటకు) మ్యాచ్‌లతో కొద్ది మాటలు చాలు. ఆ తర్వాత అసలు పని సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్‌లో ఉంది. జనం నిజంగా ఏం టైపు చేసి మీ ప్రకటన నొక్కారో అక్కడ కనిపిస్తుంది. విడిభాగాల ఖాతాల్లో నాకు తరచూ తగిలేవి "ఉచితం", "సెకండ్‌హ్యాండ్", "ఎలా బిగించాలి", "ఉద్యోగం". ఇవన్నీ నెగెటివ్ కీవర్డ్‌లలోకి, అంటే ప్రకటన చూపొద్దని చెప్పే మాటల జాబితాలోకి, వెళ్లాలి. వారం వారం ఆ రిపోర్ట్ చదివినవాళ్ల ఖాతాలు చదవనివాళ్ల ఖాతాల కన్నా బాగుండడం నేను చూస్తూనే ఉన్నాను. ఎక్కువ బిడ్ (ఒక క్లిక్‌కు ఇస్తామనే ధర) వేసినవాళ్లే పైన ఉంటారనీ లేదు. ప్రకటన వెతికిన మాటకు ఎంత సరిపోతుంది, జనం ఎంతమేర నొక్కే అవకాశం ఉంది, తెరుచుకునే పేజీ ఎలా ఉంది అనేవీ లెక్కలోకి వస్తాయి. "బాబిన్ కేస్" అని వెతికినవాళ్లను హోమ్ పేజీలో దింపకండి, బాబిన్ కేస్ పేజీలోనే దింపండి.

సంపాదన వైపుకు వద్దాం. 2003లో వచ్చిన యాడ్‌సెన్స్‌కు తెలుగు పేజీలు 2018 నుంచీ పనికొస్తాయి. ప్రకటనదారు గూగుల్ యాడ్స్ ద్వారా పెట్టిన డబ్బులో సైటు యజమానికి చేరేది సుమారు 68 శాతం. దరఖాస్తు పెట్టాలంటే 18 ఏళ్లు నిండాలి, రాత మీ సొంతమై ఉండాలి. రాబడి 10 డాలర్లకు చేరాక చిరునామా నిర్ధారించే పిన్ పోస్టులో వస్తుంది, 100 డాలర్లు దాటితేనే చెల్లింపు. అందుకే చిరునామా పోస్టు సరిగ్గా అందేలా రాయండి. మీ సైటులో ప్రకటనల చోటు అమ్మే హక్కు ఎవరికుందో చెప్పే యాడ్స్ డాట్ టెక్స్ట్ (ads.txt) ఫైలు సైటులో పెట్టడం మరిచిపోవద్దు.

మీ పేజీలో ప్రకటనలు మీరు నొక్కకూడదు, ఇంట్లోవాళ్లతోనో స్నేహితులతోనో నొక్కించకూడదు, "నొక్కి సాయం చేయండి" అని రాయకూడదు. ఖాతా పోతుంది. మెనూ పక్కన, డౌన్‌లోడ్ బటన్ పక్కన ప్రకటన పెట్టి పొరపాటు క్లిక్‌లు రాబట్టడమూ నిబంధనలకు విరుద్ధమే. నా సైటులో మొదటి ప్రకటన సమస్యకు కారణం చెప్పాకే వస్తుంది. దారం తెగి చేతిలో పని ఆగిపోయిన మనిషికి ముందు జవాబు దొరకాలి.

రెండూ కలిపేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది: సెర్చ్ ప్రకటనలు కొని జనాన్ని రప్పిద్దాం, వాళ్లకు యాడ్‌సెన్స్ చూపిద్దాం అని. లెక్క వేయండి. వెయ్యి పేజీ వీక్షణలకు 2 డాలర్లు వస్తాయనుకుంటే ఒక్క వీక్షణకు 0.2 సెంటు. 40 సెంట్లకు కొన్న క్లిక్ గిట్టాలంటే ఆ ఒక్క మనిషి 200 పేజీలు తిప్పాలి. చదివే పేజీలకు జనం మామూలు సెర్చ్ ఫలితాల నుంచి ఊరికే రావాలి, లేదంటే ఆ పేజీలు గిట్టవు.

దీనికి తిరగేసిన తప్పు అమ్మకాల పేజీలో యాడ్‌సెన్స్ పెట్టడం. బాబిన్ కేస్ పేజీలో బాబిన్ కేస్ అమ్మే పోటీదారు ప్రకటనే వచ్చే అవకాశం ఎక్కువ. 40 సెంట్లు పెట్టి తెచ్చుకున్న కొనుగోలుదారు కొద్ది సెంట్లకు పక్కవాడి దుకాణంలోకి వెళ్లిపోతారు. ప్రకటన ఎక్కడ రావాలో గూగులే ఎంచే ఆటో యాడ్స్ వాడుతుంటే ఉత్పత్తి పేజీలు, కార్ట్, చెల్లింపు పేజీల చిరునామాలను మినహాయింపుల్లో చేర్చండి. రిపేరు పేజీల్లోనూ నేరుగా పోటీపడే సైట్లు ఉంటే వాటి ప్రకటనలు రాకుండా యాడ్‌సెన్స్‌లోని బ్లాకింగ్ కంట్రోల్స్‌లో వాటి చిరునామాలు పెట్టొచ్చు.

మధ్యరకం పేజీలు కొన్ని ఉంటాయి. "బాబిన్ కేస్ అరిగిందని ఎలా తెలుస్తుంది" లాంటివి. చదివినవాళ్లలో కొందరు కొంటారు. అలాంటి పేజీలో కొన్నాళ్లు ప్రకటనలు తీసేసి మీ సరుకు లింకు మాత్రమే ఉంచండి, ఇంకొన్నాళ్లు ప్రకటనలు తిరిగి పెట్టండి. రెండు కాలాల్లోనూ వెయ్యి మంది సందర్శకులకు ఎంత మిగిలిందో పోల్చి, ఎక్కువ ఇచ్చినదాన్ని ఆ పేజీకి ఖాయం చేయండి.