జనరేటర్ లోడు లాగడం లేదా? ఇంజన్ విప్పేముందు డీజిల్ డ్రమ్ము మూత విప్పండి

వానలు మొదలైతే ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల చెరువుల నుంచి మా షెడ్డుకు వచ్చే మాట ఒకటే: "అన్నా, జనరేటర్ లోడు లాగట్లేదు." అర్ధరాత్రి కరెంటు పోయి, జనరేటర్ మొరాయించి, నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. ఆ భయంతో రైతు ఎవరో చెప్పిన, డీజిల్‌లో కలిపే సీసా మందు తెచ్చి ట్యాంకులో పోస్తాడు. మందులు దండగని నేననను. కానీ జబ్బు తెలియకుండా పోస్తే అసలు లోపం డ్రమ్ములో అట్టాగే ఉండిపోతుంది.

గంట నడిచి ఆగిపోతుంది, కాసేపాగితే మళ్లీ స్టార్టవుతుంది

ఫిల్టర్ పూడింది. కొత్తది వేసిన వారానికే మళ్లీ పూడితే డీజిల్‌లో నీళ్లున్నట్టే. పోయిన కార్తీకంలో ఒక గట్టు మీద ఫిల్టర్ గిన్నె విప్పాను. అడుగున గోధుమరంగు జిగట, వేళ్ల మధ్య తీగలా సాగింది, మురుగు వాసన కొట్టింది. "డీజిల్‌లో పాచి ఎట్టా పడుతుందన్నా?" అన్నాడు రైతు. నిజంగానే అది ప్రాణమున్నదే. అడుగున చేరిన నీళ్లకూ పైనున్న డీజిల్‌కూ మధ్య బాక్టీరియా, బూజు పెరుగుతాయి. డీజిలే వాటికి తిండి. అవి వదిలే ఆమ్లాలు ట్యాంకునీ పంపునీ తినేస్తాయి.

మూత బిగించిన డ్రమ్ములోకి నీళ్లెక్కడివి? ఆయన డ్రమ్ము ఆరుబయట నిలబెట్టి ఉంది. పైన అంచు లోపల వాననీళ్లు నిలిచాయి. పగలు వేడికి లోపలి గాలి ఉబ్బి బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక డ్రమ్ము గాలి పీలుస్తుంది, బిరడా మరల సందుల్లోంచి ఆ నీళ్లనూ పీలుస్తుంది.

అడుగు డీజిల్ గాజుసీసాలో పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి, నీళ్లుంటే కింద విడిగా కనబడతాయి. ట్యాంకు ఖాళీ చేసి కడిగించండి, ఆ తర్వాతే క్రిములు చంపే మందు, డబ్బా మీద రాసిన కొలతకే వేయండి. చచ్చిన జిగట కూడా ఫిల్టర్‌కే వస్తుంది కాబట్టి రెండు ఫిల్టర్లు చేతిలో ఉంచుకోండి. డ్రమ్మును నీడలో, రెండు బిరడాలూ పక్కపక్కన ఒకే ఎత్తున ఉండేట్టు పడుకోబెట్టండి.

లోడు పడగానే నల్లపొగ

ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. అది శుభ్రంగా ఉంటే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తీయించండి. నాజిల్ కొన మీద మసి గట్టిపడితే డీజిల్ పొగమంచులా చిమ్మదు, ధార కడుతుంది. సగం కాలని ఆ డీజిలే పొగ. నాజిల్ చిమ్మే తీరును టెస్టర్ మీద చూసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, చెయ్యే పోవచ్చు.

మసికి ఎవరూ అనుమానించని కారణం జీఐ డ్రమ్ము, అంటే జింకు పూసిన ఇనప డ్రమ్ము. దాని జింకు పూత కొంచెం కొంచెంగా డీజిల్‌లో కరుగుతుంది. కొత్త కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల మీద చేసే మసి పరీక్షలో కావాలని కలిపే జింకు పది లక్షల పాళ్లకు ఒక్క పాలు మాత్రమే. నాజిల్‌కు మసి పట్టించడానికి అంత చాలు. రాగి గొట్టాలూ అంతే. డ్రమ్ము మార్చండి. మసి ఇప్పుడిప్పుడే పడుతుంటే డీజిల్‌లో కలిపే, మసి కడిగే డిటర్జెంట్ మందు బాగానే పనిచేస్తుంది, ముదిరితే నాజిల్ పంపు షాపుకే పోవాలి.

చల్లగా ఉంటే స్టార్టవుతుంది, వేడి మీద అవదు

పంపులో డీజిల్‌ను ఒత్తిడితో నెట్టే కడ్డీ, ప్లంజర్, అరిగింది. వేడికి పలచబడ్డ డీజిల్ ఆ సందులోంచి జారిపోతుంది. ప్లంజర్‌కు డీజిలే నూనె. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రభుత్వ ప్రమాణం) డీజిల్‌లో గంధకం 50 పీపీఎం (పది లక్షల పాళ్లకు 50 పాళ్లు) నుంచి 10కి తగ్గింది. గంధకం తీసే పనిలో డీజిల్‌కు సహజంగా ఉండే, ఇనుము అరగకుండా కాచే గుణమూ పోతుంది కాబట్టి కంపెనీలే అరుగుదలను ఆపే మందు కలిపి పంపుతాయి. చవగ్గా వచ్చిందని కిరోసిన్ కలిపిన డీజిల్ కొంటే ఆ రక్షణను మీ చేత్తో మీరే పలచన చేసినట్టు. అరిగిన ఇనుమును ఏ సీసా తిరిగి తేలేదు, ప్లంజర్ మార్చి, పంపు సరైన కొలతకు డీజిల్ పంపేట్టు క్యాలిబ్రేషన్ చేయించాల్సిందే.

ఆయిల్ మట్టం పెరుగుతోంది

సంతోషించకండి, వెంటనే ఇంజన్ ఆపండి. కారే నాజిల్ నుంచో, ఫీడ్ పంపు నుంచో డీజిల్ ఆయిల్‌లో కలుస్తోంది. ఆ పలచటి ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి. కారే చోటు బాగుచేయించి, ఆయిలూ ఫిల్టరూ మార్చాకే నడపండి.

వానలో తడిసిన బైకు మిస్సింగ్ కొడుతోంది

ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది నీటిని తనలోకి లాక్కుంటుంది. నీళ్లు హద్దు దాటితే రెండూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, కార్బురేటర్‌కు ముందు అందేది అదే. ట్యాంకు, కార్బురేటర్ గిన్నె రెండూ ఖాళీ చేసి కొత్త పెట్రోల్ పోయండి. పాత బండైతే రబ్బరు పైపులు ఉబ్బాయేమో తడిమి చూడండి. స్మూత్‌గా పోతుందని ఫోర్‌స్ట్రోక్ బండి పెట్రోల్‌లో టూస్ట్రోక్ బండ్లకు వాడే 2టీ ఆయిల్ మాత్రం కలపకండి. ప్లగ్గుకూ వాల్వులకూ మసి పట్టేది దాంతోనే.